ఇనుము తగలని దీక్ష

గోడాదరా, సూరత్
జూన్ 9, 1996

బిడ్డా హారతీ,

మనిషి ఒంట్లో దేవుడు ఒక సైన్యాన్ని పెట్టాడని నాకు రాసినదానివి నువ్వే కదా? ఆ సైన్యం పేరు తెల్లకణాలు, అవి నిద్రపోవు, పరాయిది ఏది కనబడినా చీల్చి చంపుతాయి, క్యాన్సర్‌ను కూడా వదలవు అని ఉగాది ఉత్తరంలో నువ్వు రాయలేదా? మరి ఇప్పుడు ఆ సైన్యం మీద నమ్మకం చచ్చి, తల్లిని ముంబై తెచ్చి కత్తి కింద పండబెట్టమని టెలిగ్రాం కొడతావేంది?

నీ మేనమామ సాంచాల మీద బట్ట నేసేవాడే కావచ్చు. బడి గడప తొక్కక పురాణాలతోనే అక్షరాలు నేర్చినవాడే కావచ్చు. కానీ శనివారం మార్కండేయ స్వామి గుడిలో రాజనర్సు మైకు అందుకుంటే గోడాదరా గల్లీలన్నీ చెవులు నిక్కబొడుచుకుంటాయి. నీ ఉత్తరాన్ని నేను ఆ మైకులో చదివాను. "యముని పాశాన్ని ఓడగొట్టిన బాలుని వంశం మనది! మన నెత్తురులోనే సేన ఉన్నదని ఇయ్యాల సైన్సు కూడా ఒప్పుకున్నది! ఉపవాసంతో ఆ సేనకు బలమియ్యండి, ఏ గడ్డనైనా అదే మింగుతది!" అన్నాను. ఆడవాళ్లు కొంగులు తడిసేలా ఏడ్చారు.

అప్పుడే మా అక్క, అంటే మీ అమ్మ కనకవ్వ, రొమ్ములో రేగ్గాయంత గడ్డ ఉందని మీ వజ్రత్త చెవిలో వేసింది, నా పెండ్లాం కాబట్టి అది నా దాకా వచ్చింది. నేను దాచలేదు. అక్కను గుడిలోకి పిలిచి, అందరి ముందర మణికట్టుకు పసుపుదారం కట్టాను. శ్రావణంలో వచ్చే నూలు పున్నమి దాకా దీక్ష. ఒంటిపూట తిండి, తడిచీరతో ప్రదక్షిణ. దీక్షలో ఉన్న ఒంటికి ఇనుము తగలకూడదు. కత్తీ కత్తెరా మాత్రమే కాదు, సూది కూడా. ఈ మాట నీకు చెప్పాలా? కట్టినవాడే విప్పాలి, నడుమ విప్పితే ఇంటికి కీడు.

మీ అత్త ఎస్టీడీ బూత్‌కు పోయి ఈ సంగతి నీకు ఊదింది. అడిగితే ఏమంటుందో విను: "నీ సైన్యాన్ని నువ్వు గుడిల కవాతు చేయించుకో. పిల్లకు తల్లి సంగతి చెప్పుడు కూడ తప్పేనా?"

మీ డాక్టర్ల సంగతి నాకు చెప్పకు. తొంభై నాలుగులో ప్లేగు వచ్చిననాడు ఈ ఊళ్లో ఎంతమంది డాక్టర్లు షట్టర్లు దించి అందరికంటే ముందు బండెక్కారో నేను కళ్లారా చూశాను. గుడిలో దీపం ఆరనియ్యలేదు మేము. అక్క రాదు. ఇంక టెలిగ్రాం కొట్టకు.

నీ మామ
రాజనర్సు

ముంబై
జూన్ 17

మామకు,

నీ ఉత్తరం చదివి చేతిలో ఉన్న గాజు బీకరు నేలకేసి కొట్టాను. మా మేడం "ఇది ల్యాబు, మీ ఇల్లు కాదు" అని తిట్టింది. ఇల్లయితే ఇంకా చాలా పగిలేవి.

ఉగాదికి నేను రాసింది సగం మాట. నువ్వు ఆ సగాన్ని మైకులో పెట్టావు. మిగతా సగం ఇప్పుడు విను. విన్నాక మళ్లీ మైకులో చెప్పే ధైర్యం ఉంటే చెప్పు.

ఇక్కడి క్యాన్సర్ ఆసుపత్రిలో ఆపరేషన్ అయ్యాక గడ్డ ముక్కలు ఐసు డబ్బాలో మా దగ్గరికి వస్తాయి. వాటిని సన్నగా కోసి, కడిగి, లోపల ఏముందో చూడడం నా పని. ఏముంటుందో తెలుసా? నీ సైన్యమే. తెల్లకణాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. అవి దారి తప్పలేదు. శత్రువును గుర్తుపట్టాయి, రక్తనాళం గోడ దాటాయి, గడ్డ నడిబొడ్డు దాకా చేరాయి. చేరి, ఊరికే నిలబడ్డాయి. కొన్ని అక్కడే చచ్చిపోయాయి.

ఎందుకంటే గడ్డ ఒంటరిగా ఉండదు మామా. తన చుట్టూ ఒక బస్తీ కట్టుకుంటుంది. ఆ బస్తీలో గాలి దానిది, నీళ్లు దానివి. లోపలికి వచ్చినవాడికి ఊపిరి చాలదు. చుట్టూ ఆమ్లపు పులుపు నిండి ఉంటుంది. గడ్డ వదిలే రసాలు కొన్ని ఉన్నాయి. అవి సోకితే తెల్లకణం ఆయుధం దించేస్తుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, కాపలాకు వచ్చిన కణాల్లోనే కొన్ని గడ్డకు కూలీలైపోతాయి, దాని కోసం కొత్త రక్తనాళాలు వేయించి పెడతాయి. ఇంటి కుక్క దొంగకు నిచ్చెన పట్టుకున్నట్టు.

చేతులు దించిన ఆ కణాలనే బయటికి తీసి, కడిగి, మంచి ద్రవంలో ఉంచి, బలమిచ్చే మందు వేస్తే కొన్ని మళ్లీ లేస్తాయి. అన్నీ కాదు, కొన్ని. లేచి, అదే గడ్డ కణాలను చంపుతాయి. నేను చూశాను. అంటే పిరికితనం కణానిది కాదు. నిలబడ్డ చోటుది.

ఎండాకాలం మీ కార్ఖానాలో పడుగు పోగులు టపటపా తెగితే సేటు ఎవరిని తిడతాడు? నిన్ను. నువ్వేమంటావు? "పోగు మంచిదే సేటూ, గాలే ఎండిపోయింది" అని నేల మీద నీళ్లు చల్లుతావు. పోగు అదే, సాంచా అదే. గాలి మారేసరికి నిలబడుతుంది. ఈ సంగతి తెలిసిన నువ్వు, ఎండిన గాలిలోకి ఇంకా ఇంకా పోగులు తోస్తే బట్ట వస్తుందని గుడిలో చెబుతున్నావు.

గడ్డ లోపలి గాలిని మార్చే మందు కోసం మాలాంటివాళ్లు వెతుకుతున్నారు. నమ్ముకోదగ్గది ఇంకా దొరకలేదు. దొరికిందని అబద్ధం రాయను. ఈరోజు అమ్మకు చేయగలిగింది ఆ గడ్డను దాని బస్తీతో సహా కోసి తీయడం. తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టడం, మందులు ఎక్కించడం. చిన్నగా ఉన్నప్పుడు తీస్తే బతుకు మీద ఆశ పెద్దది. నూలు పున్నమి దాకా అది ఆగదు. దానికి పంచాంగం తెలియదు.

నీ పురాణం పేజీల మీద వేలు పెట్టించి నాకు తెలుగు నేర్పింది నువ్వే. ఆ అక్షరాలతోనే అడుగుతున్నాను. దారం విప్పు.

హారతి

గోడాదరా
జూలై 3

హారతికి,

పంచాంగాన్ని వెక్కిరించేంత చదువు చదివావన్నమాట! సంతోషం. మీ నాయిన పోయిననాడు నిన్ను చంకనేసుకుని ఈ గోడాదరాకు తెచ్చినవాణ్ణి. చంకలో ఉన్నప్పుడు ఇంత బరువు లేవు.

నీ సైన్యం శత్రువు ఇంట్లో నిలబడి చేతులు దించుతుందా? అయితే అది సైన్యమెట్లా అవుతుంది? దేవుడు చేసిన ఆయుధం తుప్పు పడుతుందా? తుప్పు నీ నమ్మకానికి పట్టింది. ముక్కలు కోసి నూరి చూస్తే కనబడేది మాంసం, ప్రాణం కాదు. ఆ గాజు బుడ్డీల్లో ప్రాణాన్ని ఎప్పుడన్నా చూశావా?

నేను అక్కనే అడిగాను. చాయ్ తాగుతూ కూర్చుంది.

"అక్కా, దారం ఇప్పమంటవా?"

"నేనడిగిన్నా?"

"నీ బిడ్డ అడుగుతున్నది."

"అది చిన్నప్పటి నుంచి గంతే, అన్నిటికి తొందర. నలుగుర్ల కట్టినవ్ గదా తమ్మీ. నడుమ ఇప్పితే నలుగురేమంటరు?"

విన్నావా? అదీ నమ్మకమంటే! పొయ్యి దగ్గర నుంచి వజ్రమ్మ "నలుగురికి రొమ్ముల గడ్డ లేదు, వాళ్లేమన్న అంటరు" అంది. దాని నోటికి దీక్ష కట్టాలి ముందు.

గడ్డ మెత్తబడింది. అక్కే చెప్పింది. తెల్లారి లేచి తడిచీరతో ప్రదక్షిణ చేసివస్తే ముఖంలో కళ చూడాలి నువ్వు.

ఇంకో మాట. సూరత్ పక్కన జోల్వాలో మనవాళ్లు నన్ను పిలిచారు. అక్కడి సాంచాల బస్తీలో చాపలు పరిచి నా పురాణం విన్నారు. నీ ఉత్తరం మాట అక్కడ కూడా చెప్పాను. ముందటి సగమే, అవును. చాలామంది ఆడవాళ్లు దారం కట్టించుకున్నారు. మన సాంబయ్య పెండ్లాం చిన్నవ్వకు దవడలో మానని పుండు ఉందట, ఆమె కాళ్ల మీద పడి మరీ కట్టించుకుంది. ఇంతమంది నమ్ముతున్నారు. నువ్వొక్కతివి నమ్మకపోతే దేవునికొచ్చిన నష్టం ఏమీ లేదు.

రాజనర్సు

ముంబై
జూలై 22

మామా,

మొన్న ఆదివారం నేను సూరత్ వచ్చాను. నీకు చెప్పలేదు. నువ్వు జోల్వాలో పురాణం చెబుతున్నావు.

"ఎట్లుందమ్మా" అంటే అమ్మ "ఏం కాలే" అంది. వజ్రత్త తలుపు గడియ పెట్టి అమ్మ కొంగు పక్కకు జరిపింది. "చూడు బిడ్డా, నీ మామ మెత్తబడ్డదన్న గడ్డ. మెత్తబడ్డది గడ్డ గాదు, ఆయన బుర్ర" అంది.

రేగ్గాయ కాదు మామా అది ఇప్పుడు. పైన చర్మం నారింజ తొక్కలా గుంటలు పడింది. చంకలో ముడులు నా వేళ్లకు తగిలాయి. నీకు మెత్తబడిందని ఎవరు చెప్పారు? అమ్మా? అడిగినప్పుడు ఆమె కళ్లలోకి చూశావా, లేక ముఖంలో కళ వెతుకుతున్నావా?

"రేపు పొద్దటి బండికి పోదాం పా" అన్నాను.

"పున్నమి కానియ్."

"ఈ దారం మీద నీకు నిజంగా నమ్మకమున్నదా అమ్మా?"

చీర అంచు మడతలు పెట్టింది, విప్పింది. తర్వాత అంది: "దారం మీద లేదు బిడ్డా. కట్టిందెవ్వడు? నా తమ్ముడు. మనకు నీడ లేనినాడు ఎందుకొచ్చినవని అడగలే వాడు. ఇంతమంది వాని మాట ఇంటున్నరు. సొంత అక్కే ఇనలేదంటే రేపు మైకు ముందర వాడు తల ఎట్లెత్తుతడు?"

"నొస్తలేదా?"

"నొస్తది. వాని ముందట అనకు."

ఆమెకు తెలివి లేదా? గడ్డ పెరుగుతున్నదని తెలుసు. ధైర్యం లేదా? నా తండ్రి శవం పక్కన కూర్చుని నన్ను చదివిస్తానని ఒట్టు పెట్టుకున్న మనిషి. కాళ్లున్నాయి, స్టేషన్‌కు దారి తెలుసు, టికెట్టు నా చేతిలోనే ఉంది. అయినా కదల్లేదు. ఎందుకు? చుట్టూ ఉన్న గాలి వల్ల. నీ పేరు, నీ మైకు, నీ మంచితనం, నీ నలుగురు. అందులో ఊపిరి పీల్చి పీల్చి అమ్మ చేతులు దించేసింది.

తెల్లకణానికి గడ్డ ఏం చేస్తుందో అమ్మకు నువ్వు అదే చేస్తున్నావు. రాయకూడని మాట రాశాను. కొట్టివేయను.

హారతి

గోడాదరా
ఆగస్టు 4

హారతీ,

నన్ను గడ్డ అన్నావు. ఎత్తి పెంచిన మేనమామను రోగం అన్నావు. నీ ఉత్తరాన్ని చింపి బయటికి విసిరాను. మీ అత్త ముక్కలన్నీ ఏరి, అన్నం మెతుకులతో అతికించి, నా తలగడ మీద పెట్టింది. వజ్రమ్మ మాట్లాడకపోతే ఇల్లు ఎంత భయంగా ఉంటుందో నీకు తెలుసు.

నిన్న శనివారం. పెద్దలను ధిక్కరించే పిల్లలకు ఏ నరకం రాసిపెట్టి ఉందో గుడిలో చెబుదామని నిర్ణయించుకుని పోయాను. పేరు చెప్పకుండానే నీ తోలు తీద్దామని. పెద్దరికం గురించి మొదలుపెట్టి, నిండు కొలువు కథలోకి పోయాను. ఆడకూతురిని జుట్టుపట్టి ఈడ్చుకొచ్చిన ఆ కొలువే. ఎన్నో ఏండ్లుగా చెబుతున్న కథ, ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆపాలో నాకు తెలుసు.

"ఆ కొలువుల కూసున్న పెద్దలకు బలం లేదా?" అని అడిగాను.

"ఉన్నది!" అన్నారు జనం.

"నడుముకు కత్తులు లేవా?"

"ఉన్నయ్!"

"ధర్మం తెల్వదా?"

"తెలుసు!"

"మరి ఒక్కడన్న ఎందుకు లేవలే?"

ఇక్కడ నేను ఆగుతాను, జనం ఊపిరి బిగపడతారు, తర్వాత జవాబు నేనే చెబుతాను. నిన్న చెప్పనియ్యలేదు. సాంచాల మోతకు చెవులు పోయిన మన బక్కయ్య తాత లేడా, ఆయన తనకు వినబడాలని గట్టిగా అరిచాడు: "ఎవని కొలువుల కూసుంటే వాని గాలే తాకుతది రాజనర్సూ! గంత పెద్ద కత్తి ఉండి ఏం జేస్తడు?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం మెతుకులతో అతికించిన నీ కాగితం కళ్ల ముందర ఆడింది.

ముందు వరుసలో అక్క. తడిచీర, మణికట్టుకు నా దారం. కొంగు లోపల కుడిచేత్తో చంక అదిమిపట్టుకుని ఉంది. "అక్కా, నొస్తున్నదా?" అన్నాను. మైకులోనే అన్నాను! గుడి మొత్తం వినబడింది. అక్క తల అడ్డంగా ఊపింది. ఊపుతూ స్వామి దిక్కు చూడలేదు బిడ్డా, నా ముఖం చూసింది. నేను ఎట్లా తీసుకుంటానో అని చూసింది.

నేను గద్దె దిగాను. ముడి విప్పబోతే రాలేదు, రోజూ తడిసి తడిసి రాయి అయింది. నాతోటి సాంచాలు నడిపే పరుశురాం డ్యూటీ నుంచి నేరుగా వచ్చి కూర్చున్నాడు, పోగులు కోసే కత్తెర జేబులోనే ఉంది. లాక్కుని కోశాను. ఇనుముతోనే కోశాను!

గుడి కమిటీ పెద్ద దేవదాస్ ఎగిరి దుమికాడు. "అపచారం! దీక్షల ఇనుము ముట్టిస్తవా? స్వామి ఊకుంటడా?"

"స్వామి ఇన్నొద్దులు ఊకున్నడు, అదే నాకు మంట!" అన్నాను.

"నీ మైకు బంద్!" అని వైరు పీకాడు.

"మైకు పోతే నాకు నోరు లేదా?" అని, మిగతా సగం అరిచి చెప్పాను. సైన్యం గడ్డ దాకా పోతది, పోయి చేతులు దించుతది, తప్పు సైన్యానిది గాదు, ఉపవాసాలతోటి గడ్డ కరగదు అని. కొందరు లేచిపోయారు. ఒకామె నా ముఖం మీదే "మొన్న గట్ల, ఇయ్యాల గిట్ల, నీకొక మాట, జబాన్ ఉన్నదా?" అని ఉమ్మింది. తుడుచుకున్నాను. అడిగే హక్కు ఆమెకుంది.

అక్క మాత్రం ఏడుస్తూ "అందర్ల గిట్ల జేస్తివేంది తమ్మీ" అంటుంది. అప్పుడు కూడా నా పరువే! నేను కసిరాను: "నీ పానం కంటె నా పరువు పెద్దదా? ఎవ్వడు నేర్పిండే నీకు?" ఎవడు నేర్పాడో అక్కడ అందరికీ తెలుసు.

ఎల్లుండి పొద్దటి బండికి వస్తున్నాం. ఉత్తరం ఆలస్యమవుతుందేమోనని టెలిగ్రాం కూడా కొడుతున్నాను. స్టేషన్‌కు రా. అక్కను పట్టుకో, నాతో మాట్లాడకు. నా కోపం తగ్గలేదు. నా మీద ఉంది, నీ మీద కూడా ఉంది. ఉగాదికే రెండో సగం ఎందుకు రాయలేదు? తీపి సగం నాకు పంపి, చేదు సగం ల్యాబులో దాచుకుంటావా? నాలాంటి నోరున్నవాడికి సగం మాట ఇవ్వడమంటే పసివాడి చేతికి కొరివి ఇవ్వడమే. ఇకనుంచి ఎవరికి రాసినా పూర్తిగా రాయి.

రాజనర్సు

ముంబై, ఆసుపత్రి వరండా
ఆగస్టు 19

జోల్వాలోని చిన్నవ్వ చెల్లెకు, సాంబయ్యకు,

సాంబయ్యా, ఈ కాగితాన్ని నీలో నువ్వు చదువుకోకు. చిన్నవ్వను ఎదురుగా కూర్చోబెట్టుకుని పెద్దగా చదువు. దారం కట్టించుకున్న ఆడవాళ్లందరినీ పిలువు. పురాణం చెప్పిన రాజనర్సే రాస్తున్నాడని చెప్పు.

మా అక్క కనకవ్వకు ఆపరేషన్ అయింది. రొమ్ము తీసేశారు. చంకలో ముడులు కూడా తీశారు, చాలా ఉన్నాయట. ఇంక కరెంటు పెట్టాలి, మందులు ఎక్కించాలి. "బతుకుతదా అమ్మా?" అని డాక్టరమ్మను అడిగాను. ఆమె అవుననలేదు, కాదనలేదు. "గడ్డ చిన్నగా ఉన్నప్పుడే తెస్తే ఈ ప్రశ్న ఇంత భయంగా అడిగేవాళ్లు కాదు" అంది. ఆ మాట మింగుడు పడక ఈ వరండాలో కూర్చుని రాస్తున్నాను. జూన్‌లో చిన్నగానే ఉంది. జూన్‌లో నేను దానికి దారం కట్టాను.

మా మేనకోడలు హారతి నన్ను ల్యాబుకు తీసుకుపోయి, అక్క గడ్డలోంచి కోసిన పలచటి పొరను మైక్రోస్కోపు కింద పెట్టింది. చూశాను చెల్లే. నేను మైకులో మీకు చెప్పిన సైన్యం అదే. నీలంరంగు పట్టి, చిన్న చిన్న గుండ్లలా, గడ్డ అంచున గుంపు కట్టి ఉంది. అంత దూరం వచ్చింది, గుమ్మం దాకా వచ్చింది, అక్కడ నిలబడిపోయింది. నాకు మతి పోయి "లేవండిరా, కొట్టండిరా!" అని ఆ అద్దంలోకి అరిచాను. ల్యాబులో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. హారతి నవ్వలేదు. "నేను కూడ మొదటిసారి గట్లనే అనుకున్న మామా" అంది.

చిన్నవ్వా, నీ ఒంట్లో బలం లేక పుండు మానడం లేదనుకోకు. నీ భక్తి తక్కువైందని అసలే అనుకోకు. నీ సేన నీ కోసం దవడ దాకా వచ్చే ఉంటుంది. ఆ పుండు క్యాన్సర్ కాకపోతే మంచిదే, డాక్టరు చూసి చెప్పనియ్. కానీ అయి ఉంటే, అక్కడి గాలి నీ సేన చేతులు కట్టేస్తుంది. ఎన్ని ఉపవాసాలున్నా ఆ గాలి మారదు. నువ్వు ఆకలితో మాడుతుంటే ఆ రోగం మాత్రం కడుపునిండా తింటుంది. నేను మీకు చెప్పింది తప్పు. తెలియక చెప్పాను అంటే మీరు క్షమిస్తారేమో, అందుకే ఆ మాట అనను. ఒకసారి హారతి రెండో సగం రాసి పంపింది, నేను కావాలనే చదవనట్టు నటించాను.

దారం కట్టినవాడే విప్పాలని మీ భయం. నేను ఇక్కడున్నాను, నా చేతులు జోల్వా దాకా చాపలేను. కాబట్టి సాంబయ్యా, నా చెయ్యి నీకిస్తున్నాను. ఇనుము తగిలితే కీడు అంటారా? వచ్చే కీడంతా ఈ రాజనర్సు నెత్తి మీదికి రావాలని స్వామి పేరు మీద ఈ కాగితంలో రాస్తున్నాను. మీ గడపలు తొక్కదు. దేవదాస్ వచ్చి అపచారం అంటే నా పేరు చెప్పండి. "ఆ రాజనర్సు పిచ్చోడు" అంటే అవునని ఒప్పుకోండి, కానీ ఆగకండి.

పున్నమి ఇంకెంతో లేదు, అయినంక పోదాం అని ఎవరైనా అంటారు. ఆ మాట అన్నవాళ్ల నోరు మూయించు. నేను కూడా అదే అన్నాను. పున్నమి లోపల మా అక్క చంకలో ఎన్ని ముడులు పడ్డాయో ఇక్కడ డబ్బాలో పెట్టి చూపించారు నాకు.

సాంబయ్యా, సాంచా ఆపు. పోగులు తెగితే తెగనియ్, సేటు తిడితే తిట్టనియ్. కత్తెర అందుకో. చిన్నవ్వ చెయ్యి పట్టుకో, దారం కోయి. ఆమె మీ పరువని, మా పరువని ఏదో అంటుంది, వినకు. ఒంట్లో ఎక్కడైనా గడ్డ ఉన్నవాళ్లనూ, మానని పుండు ఉన్నవాళ్లనూ అందరినీ వెంటబెట్టుకుని సూరత్ పెద్దాసుపత్రికి నడువు. రేపు కాదు. శనివారం చూసుకుని కాదు. ఈ ఉత్తరం చదవడం అయిపోయింది, లే. ఇయ్యాలనే పో!

రాజనర్సు